డాక్యుమెంటరీ తీస్తారు సరే, ఉద్యోగం ఇస్తారా?

ట్రాన్స్‌జెండర్ల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ మీద ఎవరన్నా డాక్యుమెంటరీ తీశారంటే, అందులో ఏముంటుందో చూడకుండానే చెప్పేయొచ్చు. మొదటి షాటు ట్రాఫిక్ సిగ్నల్. కారు అద్దం మీద ఒక చెయ్యి, గాజులు, వెనకాల వయొలిన్. తర్వాత చిన్నప్పటి ఫోటో, నిక్కరూ చొక్కాలో. ఆ తర్వాత ఇంట్లోంచి ఎలా గెంటేశారో చెప్పమంటారు. చెప్తుంటే కెమెరా మెల్లగా ముఖం దగ్గరికి వెళ్ళి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా అక్కణ్ణించి కదలదు. తర్వాత సంస్థ బోర్డు, కుట్టుమిషను, కంప్యూటర్ క్లాసు. ఎనిమిదో నిమిషంలో నవ్వు. పదో నిమిషంలో "ఈ సంస్థే లేకపోతే నేనివాళ బతికి ఉండేదాన్ని కాదు". చివర్లో డబ్బులిచ్చిన కంపెనీ లోగో. చప్పట్లు. సమోసా, టీ.

తీసేవాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. చాలామంది మంచి మనసుతోనే తీస్తారు. నేననేది ఒక్కటే. ఇలాంటి సినిమా సాయం అందుకున్నవాళ్ళ గురించి కాదు, సాయం చేసినవాళ్ళ గురించి. అందుకున్నవాళ్ళు అందులో సాక్షులు, అంతే. వాళ్ళ పని వచ్చి, ఏడ్చి, దండం పెట్టి వెళ్ళిపోవడం.

ఇంతకీ దీని గురించి సాఫ్ట్‌వేర్ వాళ్ళం మనమెందుకు మాట్లాడుకోవాలంటే, వీటికి డబ్బులిచ్చేది మనమే కాబట్టి. 2013 కంపెనీల చట్టం పుణ్యమా అని పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాల్సి వచ్చింది. దాంతో ప్రతి కంపెనీలో ఒక సీఎస్ఆర్ టీమూ, ఆ టీముకి ఏడాదికోసారి స్క్రీన్ మీద వెయ్యడానికి ఏదో ఒక వీడియో అవసరమూ పుట్టుకొచ్చాయి. ఈ మధ్య నేను పనిచేసే చోట కూడా అలాంటి మెయిలొకటి వచ్చింది. ట్రాన్స్‌జెండర్లకి ఆసరా ఇచ్చే ఒక సంస్థ మీద పన్నెండు నిమిషాల సినిమా, యాన్యువల్ డే నాడు ప్రదర్శన, ఎడిటింగూ సబ్‌టైటిల్సూ చెయ్యడానికి వాలంటీర్లు కావాలి. "బలమైన భావోద్వేగాలున్న అయిదు కథలు" సంస్థ వాళ్ళే ఎంచి పంపిస్తారట. మీటింగులో నేనడిగింది మూడే ముక్కలు. ఆ అయిదుగురికి ఏమైనా డబ్బులిస్తున్నామా? సినిమా విడుదలయ్యాక వాళ్ళలో ఒకరు వద్దంటే తీసేస్తామా? మన కంపెనీలో ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులు ఎంతమంది? మొదటి రెంటికీ "అది సంస్థ చూసుకుంటుంది" అన్నారు. మూడోదానికి, "మంచి పని చేస్తుంటే నెగటివ్‌గా మాట్లాడకండి" అన్నారు.

సరే, ఆ నెగటివ్ మాటలేవో ఇక్కడ వివరంగా మాట్లాడుకుందాం.

మొదటిది, ఒప్పుకోలు. "వాళ్ళని బలవంతపెట్టలేదండీ, వాళ్ళే ఒప్పుకున్నారు, సంతకం కూడా పెట్టారు" అంటారు. ఎవరడిగితే ఒప్పుకున్నారు? ఇంట్లోంచి వచ్చేసిన రోజు పడుకోవడానికి చోటిచ్చినవాళ్ళు అడిగితే. హార్మోన్ల కోసం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినవాళ్ళు అడిగితే. పోలీసు స్టేషన్‌కి వెంట వచ్చినవాళ్ళు అడిగితే. రేపు మళ్ళీ అవసరమొస్తే ఫోన్ చెయ్యాల్సింది కూడా వాళ్ళకే. ఉప్పు తిన్న ఇంటివాళ్ళు "ఒక్క పది నిమిషాలు కెమెరా ముందు మాట్లాడమ్మా" అంటే కాదనగలిగేవాళ్ళు ఎంతమంది? మన అప్రైజల్‌కి వారం ముందు మేనేజరు "శనివారం కాస్త రాగలవా" అంటే మనం ఎంత స్వేచ్ఛగా ఒప్పుకుంటామో తెలుసు కదా. ఇది అంతకు వందరెట్లు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం మనలో చాలామందికి నిద్రపట్టకుండా చేసింది. సమ్మతి అనేది స్వేచ్ఛగా, దేనికో స్పష్టంగా తెలిసి, ఎలాంటి షరతూ లేకుండా ఇచ్చినదై ఉండాలని అందులో రాశారు. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలన్నారు. ఒక షాపింగ్ యాప్‌లో ఫోన్ నంబరు ఇచ్చిన మనిషి కోసం మనం ఆ బటన్లూ, ఆ లాగ్‌లూ, ఆ ఆడిట్లూ కట్టుకుంటూ కూర్చున్నాం. తన పాత పేరు, పాత ఫోటో, ఒంటికి జరిగిన ఆపరేషన్, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల సంగతి కెమెరా ముందు చెప్పిన మనిషికి మాత్రం ఒక కాగితం, ఒక సంతకం, అది కూడా చాలాసార్లు ఇంగ్లీషులో. వెనక్కి తీసుకోవాలంటే ఎవరికి చెప్పాలో కూడా ఆ కాగితంలో ఉండదు. చట్టం డాక్యుమెంటరీకి వర్తిస్తుందా లేదా అన్నది లాయర్ల గొడవ. ఇదే న్యాయం ఇక్కడ ఎందుకు పనికిరాదన్నది నా ప్రశ్న.

రెండోది, ముఖం. వీడియో ఒకసారి బయటికొస్తే దాన్ని చెరిపెయ్యడం ఎవరి వల్లా కాదన్న సంగతి ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసిన జాతి మనదే. ఒరిజినల్ తీసేసినా ఎవడో డౌన్‌లోడ్ చేసి ఉంటాడు, ఇంకెవడో ముక్కలు చేసి రీల్ పెట్టి ఉంటాడు, వాట్సాప్‌లో మేనమామ దాకా చేరి ఉంటుంది. ముఖాన్ని బట్టి మనిషిని వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ రాసిందీ మనవాళ్ళే. ఇవాళ ఇరవై ఏళ్ళ అమ్మాయి ధైర్యంగా కెమెరా ముందుకొస్తుంది. అయిదేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో ఒక మామూలు ఉద్యోగంలో, మామూలు అమ్మాయిగా, ఎవరికీ ఏమీ చెప్పకుండా బతకాలనుకుంటుంది. అది ఆమె హక్కు. ఆ రోజున ఇంటి ఓనరో, కొత్త మేనేజరో పేరు కొట్టి వెతికితే మొదట కనిపించేది మన యాన్యువల్ డే వీడియో.

పేర్లు, వివరాలు ఒకచోట పోగెయ్యడం గురించి మన హైదరాబాదులో ఇంకాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. నిజాం కాలంలో, 1919లో, ఇక్కడ ఒక చట్టం వచ్చింది. నగరంలో ఉన్న హిజ్రాల పేర్లు, వాళ్ళుండే చోట్లు ఒక రిజిస్టర్‌లో రాసిపెట్టాలని అది చెప్పింది. ఆడవాళ్ళ బట్టల్లో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చంది. నిజాం పోయాడు, రజాకార్లు పోయారు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, విడిపోయింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే కూర్చుంది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో కోర్టుకెళ్తే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే 104 ఏళ్ళు. ఇలాంటి ఊళ్ళో నలుగురు కూర్చుని "అందరి ముఖాలూ, కథలూ ఒక వెబ్‌సైట్‌లో పెడదాం, అవేర్‌నెస్ వస్తుంది" అంటే, వినేవాళ్ళకి ఒళ్ళు జలదరించకపోతే ఎలా?

ముఖం చూపించకుండా సినిమా ఎలా తీస్తారంటారా? తీశారు. 2020లో వచ్చిన 'వెల్‌కమ్ టు చెచ్న్యా' చూడండి. రష్యాలోని చెచ్న్యాలో స్వలింగ సంపర్కుల్ని పట్టుకుని హింసిస్తుంటే, వాళ్ళని దొంగచాటుగా దేశం దాటించిన కార్యకర్తల మీద డేవిడ్ ఫ్రాన్స్ తీసిన డాక్యుమెంటరీ అది. అంటే ఇది కూడా సాయం చేసే సంస్థ, సాయం అందుకున్నవాళ్ళ కథే. ముఖాలు బయటపడితే ప్రాణాలు పోతాయి. అలాగని మసక చేసేస్తే చూసేవాడికి మనిషే కనపడడు, నేరస్థుణ్ణి చూపిస్తున్నట్టుంటుంది. అందుకని న్యూయార్క్‌లో ఇరవై మందికి పైగా వాలంటీర్లు తమ ముఖాలు అరువిచ్చారు. పారిపోతున్నవాళ్ళ ముఖాల మీద కంప్యూటర్‌తో ఆ ముఖాలు కప్పారు. కనుబొమ్మ ముడిపడ్డం, పెదవి వణకడం అన్నీ అసలు మనిషివే, చర్మం మాత్రం వేరేవాళ్ళది. వాళ్ళలో ఒకతను, మాక్సిమ్ లపునోవ్, చివరికి తన పేరుతో బయటికొచ్చి ప్రెస్ ముందు కూర్చోవాలని తనే నిర్ణయించుకుంటాడు. సినిమాలో సరిగ్గా అక్కడే ఆ అరువు ముఖం కరిగిపోయి అసలు ముఖం కనిపిస్తుంది. ముఖం చూపించాలా వద్దా, ఎప్పుడు చూపించాలి అనేది ఆ మనిషి చేతిలో ఉంది, డైరెక్టరు చేతిలో కాదు.

ఆ రోజుల్లో అది పెద్ద విజువల్ ఎఫెక్ట్స్ పని. ఇవాళ కాలేజీ కుర్రాడు ఫోన్లో ముఖాలు మార్చేస్తున్నాడు. సాయంత్రం దాకా ఏఐ గురించి స్లైడ్లు వేసే కంపెనీ, తన సీఎస్ఆర్ వీడియోలో ఒక మనిషి ముఖం కాపాడటానికి బడ్జెట్ లేదంటే నమ్మమంటారా?

మూడోది, డబ్బు. ఇక్కడ 'ప్యారిస్ ఈజ్ బర్నింగ్' సంగతి చెప్పుకోవాలి. న్యూయార్క్‌లో నల్లజాతి, లాటినో గే, ట్రాన్స్ మనుషుల బాల్‌రూమ్ పోటీల మీద జెన్నీ లివింగ్‌స్టన్ తీసిన సినిమా, 1990 నాటిది. సినిమా చరిత్రలో నిలిచిపోయింది, అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో 2016లో చేర్చారు. బాగుంది. అందులో కనపడ్డవాళ్ళ సంగతి? సినిమా థియేటర్లలో డబ్బు చేసుకుంటుంటే వాళ్ళలో కొందరు మా వాటా ఏదని లాయర్ల దగ్గరికెళ్ళారు. ముందే సంతకాలు పెట్టిన కాగితాలు అడ్డొచ్చాయి. చివరికి పదమూడు మందికి కలిపి 55,000 డాలర్ల దాకా పంచారు. అందులో కనిపించే వీనస్ ఎక్స్‌ట్రావగాంజా అనే ట్రాన్స్ యువతి సినిమా పూర్తవ్వకముందే, 1988లో, హత్యకి గురైంది. సినిమాకి దొరికిన అమరత్వం ఆమెను కాపాడలేదు.

డాక్యుమెంటరీలో మాట్లాడినవాళ్ళకి డబ్బులిస్తే నిజాయితీ పోతుందని ఒక పాత వాదన ఉంది. వార్తలకైతే అది సరే. సంస్థ చందాల కోసం, కంపెనీ పేరు కోసం తీసే సినిమాకి ఈ నియమం ఎక్కణ్ణించి వచ్చింది? కెమెరామన్‌కి డబ్బులు, డ్రోనుకి డబ్బులు, మ్యూజిక్‌కి డబ్బులు, వాయిస్ ఓవర్ చెప్పినాయనకి డబ్బులు. ఎవరి బతుకైతే సినిమానో వాళ్ళకి మాత్రం శాలువా. ఆ రోజు షూటింగ్‌కి వచ్చినందుకు పోయిన కూలి అన్నా ఇవ్వరు. మన టైముకి గంటకింత అని క్లయింటుకి బిల్లు వేసే వృత్తిలో ఉన్నాం, కనీసం మనకైనా ఇది ఎబ్బెట్టుగా అనిపించాలి.

నాలుగోది, అసలైనది. "ఏమైతేనేం, అవగాహన పెరుగుతుంది కదా!" ఈ మాట విని విని నాకు విసుగొచ్చింది. అవగాహన పెరిగి ఏమయింది?

2017 జూన్‌లో కొచ్చి మెట్రో మొదలైనప్పుడు ఇరవై మందికి పైగా ట్రాన్స్‌జెండర్లకి ఉద్యోగాలిచ్చారు. దేశమంతా వార్త. విదేశీ పత్రికలు రాశాయి. అవగాహనకి లోటు లేదు. వారం తిరిగేసరికి ఎనిమిది మంది మానేశారన్న వార్త వచ్చింది. ఎందుకు? ఊళ్ళో వాళ్ళకి ఇల్లు అద్దెకి ఇచ్చేవాడు లేడు. వచ్చే జీతం లాడ్జి గదులకే చాలడం లేదు. టీవీలో వాళ్ళని చూసి కళ్ళు చెమర్చిన ఓనరే, గుమ్మంలోకి వస్తే "ఫ్యామిలీస్‌కే ఇస్తామండీ" అని ఉంటాడు. ఆ ఎనిమిది మందికి తక్కువైంది ఇంకో డాక్యుమెంటరీ కాదు, ఒక గది తాళంచెవి.

మన దగ్గరికే వద్దాం. 2021 జనవరిలో నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ అని ఒకటి తెరిచారు. ట్రాన్స్‌జెండర్ల కోసం, చాలావరకు ట్రాన్స్‌జెండర్లే నడిపే క్లినిక్. దేశంలో అలాంటిది అదే మొదటిది. హార్మోన్ చికిత్సకి సలహా, హెచ్ఐవీ పరీక్షలు, కౌన్సెలింగ్, మామూలు జ్వరానికి మందు, అన్నీ ఒకచోట. వేరే ఆసుపత్రిలో అయితే ఆడవాళ్ళ లైన్లో నిలబడాలా, మగవాళ్ళ లైన్లో నిలబడాలా అన్న దగ్గరే అవమానం మొదలవుతుంది. డబ్బు అమెరికా ప్రభుత్వానిది, యూఎస్ఎయిడ్ ద్వారా. మొదటిది కాబట్టి పత్రికలొచ్చాయి, కెమెరాలొచ్చాయి, మెచ్చుకోళ్ళు చాలానే వచ్చాయి. 2025 జనవరిలో ట్రంప్ సర్కారు విదేశీ సాయం ఆపేసింది. హైదరాబాదుతో పాటు ఇదే పథకం కింద మహారాష్ట్రలో నడుస్తున్న రెండు క్లినిక్‌లూ మూతపడ్డాయి. అమెరికన్ల పన్ను డబ్బు ఇలాంటివాటికా పోతోంది అని ఎలాన్ మస్క్ ఎగతాళి కూడా చేశాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మస్క్ కంపెనీ షేరు పెరిగిందా తగ్గిందా అని రోజూ చూసుకునేవాళ్ళు మనలో వేలమంది. హైటెక్ సిటీ నుంచి నారాయణగూడకి ఎంత దూరం? ఒక పెద్ద ఐటీ కంపెనీ యాన్యువల్ డేకి స్టేజీ, లైట్లు, ముంబై నుంచి వచ్చే గాయకుడికి పెట్టే ఖర్చుతో ఒక చిన్న క్లినిక్ ఎన్నాళ్ళు నడుస్తుందో లెక్కవేసుకోండి. అదే ఏడాది టాటా ట్రస్ట్స్ ఆదుకుంటే ఆ క్లినిక్ సబ్‌రంగ్ అనే కొత్త పేరుతో మళ్ళీ తెరుచుకుంది. తెరిపించింది ఎవరి కన్నీళ్ళూ కాదు, నెలనెలా జీతాలకీ అద్దెకీ ఎవరో పెట్టిన డబ్బు. నర్సు జీతానికి చెక్కు రాస్తే దాన్ని స్టేజీ మీద ప్రొజెక్టర్‌లో వెయ్యలేం. అందుకే మనవాళ్ళకి చెక్కు కన్నా సినిమా ఇష్టం.

మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. బయట సరుకు అమ్ముకోవడం కోసం, పేరు కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కింద లెక్కకి రాదని ఆ నియమాల్లోనే రాశారు. పన్నెండు నిమిషాల్లో లోగో ఎన్నిసార్లు కనిపించిందో ఒకసారి లెక్కపెట్టి, అప్పుడు చెప్పండి ఇది ఏ ఖాతాలో వెయ్యాలో.

ఇప్పుడు ఎదురు ప్రశ్నలకి వస్తాను.

"అయితే ట్రాన్స్‌జెండర్ల మీద సినిమాలే తియ్యొద్దంటావా?" అని అడుగుతారు. తియ్యండి. కానీ తన కథ తను చెప్పుకోవడం వేరు, మనం చెప్పించుకోవడం వేరు. గౌరీ సావంత్ 2017లో ఒక దగ్గు మందు కంపెనీ ప్రకటనలో కనిపించింది. ఆమె తనే సంస్థ పెట్టిన మనిషి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన మనిషి. ఎక్కడ ఏం చెప్పాలో, ఏం దాచుకోవాలో తెలిసినావిడ, కాదనగల స్థానంలో ఉన్నావిడ. షెల్టర్‌లో మూడు వారాల క్రితం చేరిన పందొమ్మిదేళ్ళ పిల్లకి ఆ స్థానం లేదు. ఇద్దర్నీ ఒకే గాట కట్టకండి. అలాగే 2020లో 'డిస్‌క్లోజర్' అని హాలీవుడ్ సినిమాలు ట్రాన్స్ మనుషుల్ని ఎలా చూపించాయో చెప్పే డాక్యుమెంటరీ వచ్చింది. తీసిన సామ్ ఫెడర్ కూడా ట్రాన్స్ మనిషే. ప్రతి పనికీ మొదట ట్రాన్స్ మనుషుల్నే వెతికారు. దొరకని చోట వేరేవాళ్ళని పెట్టుకుని, వాళ్ళ పక్కన ఒక ట్రాన్స్ మనిషిని జీతమిచ్చి కూర్చోబెట్టి పని నేర్పించారు. సినిమా అయిపోయేసరికి కొందరి చేతికి వృత్తి వచ్చింది. మన సీఎస్ఆర్ సినిమా అయిపోయేసరికి మన వాలంటీరు లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టు పడుతుంది.

"చిన్న సంస్థలండీ, ఇలాంటి వీడియో లేకపోతే విరాళాలు రావు" అన్నది ఇంకో వాదన. ఇది నిజమే, అందుకే బాధ. సంస్థలు కావాలని ఈ నాటకం ఆడటం లేదు, మనం ఆడిస్తున్నాం. 2020 లాక్‌డౌన్‌లో చూడలేదూ, సరుకుల సంచీ ఇచ్చే చెయ్యీ, పుచ్చుకునే ముఖమూ ఒకే ఫ్రేములో ఉంటే తప్ప దాత నమ్మేవాడు కాదు. క్లౌడ్ బిల్లు కట్టేటప్పుడు సర్వర్ ఏడ్చి చూపించాలని మనం అడగం. వాడకం లెక్కలు చూసి కడతాం. సంస్థ దగ్గర కూడా అదే అడగండి. ఎంతమందికి పడక ఇచ్చారు, ఎంతమందికి గుర్తింపు కాగితాలు ఇప్పించారు, అద్దె ఎంత, జీతాలు ఎంత. పేర్లూ ముఖాలూ లేకుండా ఈ లెక్కలు చూపించొచ్చు. దాత అడిగే పద్ధతి మారితే సంస్థ చూపించే పద్ధతి అదే మారుతుంది.

మూడో వాదన: "జనం మనసు మారకుండా ఏదీ మారదు." సరే, మనసులే మార్చాలనుకుంటే కెమెరా ఇటు తిప్పండి. ట్రాన్స్‌జెండర్ మనిషి బాధ తీసి తీసి అరిగిపోయింది. ఆ బాధకి కారణమైనవాళ్ళని ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యరేం? గచ్చిబౌలిలో పీజీ హాస్టల్ నడిపేవాణ్ణి అడగండి, ఎందుకు చేర్చుకోవని. అన్నేళ్ళు పెంచి గెంటేసిన తండ్రి ముందు పెట్టండి మైకు. సినిమాల్లో "కామెడీ ట్రాక్" పేరుతో దశాబ్దాల పాటు వాళ్ళని వెక్కిరించి డబ్బు చేసుకున్న రచయితల్ని పిలవండి. ప్రాచీ రాథోడ్ ఎంబీబీఎస్ చదివిన డాక్టరు. ట్రాన్స్‌జెండర్ అని తెలిశాక ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆమెని మానేయమంది. 2022లో ఆమె, రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో చేరితే తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లని పత్రికలన్నీ ఆవిడ కన్నీళ్ళూ ఆనందమూ రాశాయి. మంచిదే. ఎంబీబీఎస్ డాక్టర్ని ఎందుకు పంపేశారో చెప్పమని ఆ ప్రైవేటు ఆసుపత్రి యాజమాన్యాన్ని నిలదీసిన కెమెరా ఏది?

ఆ వరసలో మన వంతు కూడా వస్తుంది. మన హెచ్ఆర్‌ని కూర్చోబెట్టి అడగాల్సినవి చాలా ఉన్నాయి.

2011 జనాభా లెక్కల్లో ఆడా మగా కాకుండా "ఇతరులు" అని రాయించుకున్నవాళ్ళు దేశంలో 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 43,769 మంది. బయటికి చెప్పుకోనివాళ్ళు వీళ్ళకి అదనం. ఇందులో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు లేరా? ఉన్నారు. మరి మన ఫ్లోర్ మీద ఎందుకు కనపడరు? ఒక ట్రాన్స్ అమ్మాయి మన ఇంటర్వ్యూ పాసైందనుకోండి. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాడు "పేర్లు కలవడం లేదు" అని ఎర్ర జెండా ఎత్తుతాడు. పాత కంపెనీకి ఫోన్ చేసి పాత పేరుతో ఎంక్వయిరీ చేస్తాడు. దాంతో రెండు ఆఫీసులకీ ఒకేసారి తెలిసిపోతుంది. పీఎఫ్ ఖాతాలో పాత పేరు. ఆఫీసు ఈమెయిల్ పాత పేరుతో తయారవుతుంది, మార్చమంటే "ఎంప్లాయీ ఐడీకి లింకై ఉంది, కుదరదు" అని టికెట్ మూసేస్తారు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో నాల్సా కేసులో చెప్పింది, తానెవరో నిర్ణయించుకోవడం ఆ మనిషి హక్కని, దానికి ఆపరేషన్ అడగకూడదని. 2019 చట్టం, 2020 నియమాలు వచ్చినప్పుడు కలెక్టరిచ్చే గుర్తింపు పత్రంతో మిగతా కాగితాల్లో పేరు మార్చుకునే దారి రాశారు. ఇన్నేళ్ళయినా మన టేబుల్లో ఆ జెండర్ కాలమ్ ఒకే ఒక్క అక్షరం, ఎం లేదా ఎఫ్. ఆ కాలమ్ ఎవరు రాశారు? పార్లమెంటు రాయలేదు. మీరో, నేనో, మన పక్క సీటు వాడో రాశాడు. దాన్ని మార్చడానికి చట్టం అక్కర్లేదు, ఒక స్ప్రింట్ చాలు.

2024 డిసెంబర్‌లో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఏ సిగ్నల్ దగ్గర మనం అద్దాలెత్తేసుకుని ఫోన్ చూస్తున్నట్టు నటిస్తామో, ఆ సిగ్నల్ దగ్గరే మనల్ని ఆపి పంపించే అధికారం వాళ్ళ చేతికొచ్చింది. పోలీసుశాఖకి చేతనైంది, రోజుకి నాలుగుసార్లు "డైవర్సిటీ" అని జపం చేసే మనకి చేతకాదా?

కాబట్టి మీ ఆఫీసులో కూడా ఈ ఏడాది అలాంటి మెయిల్ వస్తే, వాలంటీరుగా పేరివ్వకముందు అందరికీ కనిపించేలా "రిప్లై ఆల్" కొట్టి ఇవి అడగండి. సినిమాలో కనిపించేవాళ్ళకి ఎంత ఇస్తున్నారు? ఒప్పుకోకపోయినా సంస్థ నుంచి సాయం ఆగదని తెలుగులో రాసిచ్చారా? ఎడిటింగ్ అయ్యాక వాళ్ళకి చూపించి మళ్ళీ అడుగుతారా? తర్వాత ఎప్పుడైనా వద్దంటే మన సైట్ నుంచి ఎన్ని రోజుల్లో తీసేస్తారు, దానికి బాధ్యులెవరు? అడిగినవాళ్ళకి ముఖం మార్చి చూపిస్తారా? తీసే టీములో ట్రాన్స్ మనిషి ఎవరైనా ఉన్నారా? సినిమాకి పెట్టే ప్రతి రూపాయికీ సంస్థ అద్దెకీ జీతాలకీ ఎన్ని రూపాయలు ఇస్తున్నారు? మన బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పేరు మారినవాళ్ళ సంగతి ఎవరు చూస్తారు?

వీటికి సమాధానాలుంటే హాయిగా వెళ్ళి సబ్‌టైటిల్స్ రాయండి, నేనూ వస్తాను. లేకపోతే ఆ పన్నెండు నిమిషాల స్లాటులో యాన్యువల్ డే నాడు అంత్యాక్షరి పెట్టుకోమనండి. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు.